పెద్దమ్మ అర్జీ

మా ఊరి సిటీ హాల్ వెబ్‌సైట్‌లో ఒక రిపోర్టు ఉంది. దాని చివరి పేజీల్లో జనం చేత్తో రాసిచ్చిన కార్డుల ఫోటోలు వరసగా పెట్టారు. వాటిలో ఒక కార్డు మీద మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, కింద సంతకం తెలుగులో ఉంటుంది. సంతకం మా వీధి చివరింటి పెద్దమ్మది. మాటలు నావి. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ పేజీని నేనెన్నిసార్లు తెరిచానో నాకే తెలీదు. ఆఫీసు మీటింగులో ఎవరో మాట్లాడుతుంటే తెరుస్తాను, కుక్కర్ కూతలు వేసేలోపు తెరుస్తాను. మూసేశాక కూడా ఆ సంతకం కళ్ళ ముందు నుంచి పోదు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఆవిడ కూతురు నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది, అందుకని నేను వాళ్ళమ్మను పెద్దమ్మా అన్నాను. డాలస్ శివార్లలో, కాపెల్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మా వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. వరసలు మేమే కలుపుకుంటాం. వాళ్ళది కరీంనగర్ వైపు, మాది తెనాలి దగ్గర. మనవరాలు పుట్టినప్పుడు వచ్చిన పెద్దమ్మ ఇక్కడే ఉండిపోయింది. గ్రీన్ కార్డు వచ్చింది, మనవరాలు మిడిల్ స్కూలుకి వచ్చింది, ఆవిడకు ఇంగ్లీషు మాత్రం రాలేదు. రావాలని ఆవిడకీ లేదు.

కానీ ఆవిడ సామాన్యురాలు కాదు. ఊళ్ళో రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచిందట. గ్రామసభలో మగవాళ్ళ మధ్య నిలబడి, బోరింగు బాగుచేయించేదాకా కూర్చోనన్న మనిషి. అర్జీ రాయించడం, దాని నకలు దాచుకోవడం, రశీదు అడగడం, నెల తిరిగేసరికి ఆఫీసు మెట్ల మీద మళ్ళీ కనపడటం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ మా చదువుకున్నవాళ్ళందరికీ కలిపి అందులో పదో వంతు రాదు. చెత్తబండి రాకపోతే వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటాం, సిటీకి ఫోన్ చేయడానికి మాత్రం ఒక్కరికీ తీరిక దొరకదు.

సాయంత్రం ఐదింటికి పెద్దమ్మా, ఆవిడ ఈడు ఆడవాళ్ళు ముగ్గురూ చీరల మీద స్వెట్టర్లు, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు వేసుకుని ట్రెయిల్ మీద నడిచేవారు. ఆ దారి మా ఇళ్ళ వెనక వాగు పక్కనే సాగి, ఒకచోట ఆరు లేన్ల రోడ్డును దాటి అవతలి పార్కులోకి వెళ్తుంది. అక్కడ సిగ్నల్ ఉంది. నడవమని తెల్లబొమ్మ వెలుగుతుంది, కాసేపటికి ఎర్రచెయ్యి వచ్చి అంకెలు తగ్గుతుంటాయి. నా కాళ్ళకు ఆ టైం సరిపోయేది. వాళ్ళకు సరిపోతుందో లేదో నేనెప్పుడూ నిలబడి చూడలేదు.

ఒక వసంతంలో సిటీ నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది. లైబ్రరీలో తెలుగు పిల్లలకు శనివారాలు కథలు చదివినందుకు నా పేరు వాళ్ళ దగ్గర ఉండిపోయింది. పార్కులూ రోడ్లూ ఎలా ఉండాలో జనాన్ని అడగడానికి ఓపెన్ హౌస్ పెడుతున్నాం, మీ పెద్దవాళ్ళ మాట మా దాకా రావడం లేదు, మీరు తీసుకొస్తారా, పక్కనుండి వాళ్ళు చెప్పింది ఇంగ్లీషులో రాస్తారా అని అడిగారు. నేను ఉబ్బిపోయాను. దాచడం ఎందుకు, ఆ మెయిల్ మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను.

శనివారం పొద్దున రిక్రియేషన్ సెంటర్ హాల్లో పండగలా ఉంది. బెలూన్లు, పాప్‌కార్న్, టాకోలు, పిల్లలు ఎక్కి చూడటానికి బయట ఫైరింజను. లోపల స్టాండ్ల మీద పెద్ద పెద్ద బోర్డులు. నచ్చినదాని మీద ఆకుపచ్చ చుక్కలు అంటించాలి, చెప్పాలనుకున్నది కార్డు మీద రాయాలి. మావాళ్ళు ఓ ఇరవైమంది వచ్చారు. పిలిచారు కదా అని ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు. రిటైరైన డాక్టరు అంకుల్ ఒకాయన, ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళు కావస్తున్నవాడు, మైసూరుపాక్ డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇదేంటంకుల్, సిటీవాళ్ళకి స్వీట్లా?" అన్నాను.

"పిలిచినవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వస్తామమ్మా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆయన డబ్బా పట్టుకొచ్చాడంతే, అదే బుద్ధి నేను కలంలో పెట్టుకొచ్చాను.

నేనో బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరిదీ రాశాను. "అంతా బాగుందని రాయమ్మా." "చాలా శుభ్రంగా ఉంచుతున్నారని రాయి." "మాకేం ఇబ్బంది లేదని చెప్పు." పిలిచి పెట్టినవాళ్ళ ఇంట్లో వంకలు పెట్టకూడదు. పప్పులో ఉప్పు లేకపోయినా విస్తరి మడిచి, భోజనం బాగుందనే లేస్తాం. ఆ హాల్లో పాప్‌కార్న్ తిన్న మావాళ్ళంతా విస్తరి మడిచేశారు. చివర్లో పెద్దమ్మ వచ్చింది. ముందు బోర్డులన్నీ తిరిగి చూసింది, మా ట్రెయిల్ ఉన్న మ్యాపు దగ్గర చాలాసేపు నిలబడింది, అప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఎన్ని దినాలల్ల చేస్తరట?" అని అడిగింది.

సిటీ ఆఫీసు అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది, మెడలో గుర్తింపు కార్డు, ముఖం నిండా నవ్వు. అడిగి చెప్పాను. ఇంకా తెలియదు పెద్దమ్మా, అన్నీ చదివి రిపోర్టు రాస్తారట అని.

"రశీదిస్తరా?"

"ఇక్కడ ఇవ్వరు పెద్దమ్మా."

"గట్లెట్ల? సరే, రాయి." ఆవిడ ముందుకు వంగి, చూపుడు వేలు బల్ల మీద ఆనించి చెప్పింది. నేను కలం కార్డు మీద పెట్టి విన్నాను. ఆ మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి. అవి ఏమిటన్నది ఇప్పుడు కాదు, వాటి చోటు వచ్చినప్పుడు చెప్తాను. ఆ సిగ్నల్ గురించి, మలుపు తిరిగే కార్ల గురించి, చివర్లో ఒక చావు మాట.

ఆ చావు మాట దగ్గర నేను తలెత్తి చూశాను. శుభమా అని పిలిస్తే ఈవిడ ఇలా అంటుందేమిటి? పక్కన ఆ అమ్మాయి నవ్వుతూ చూస్తోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అనేది. నేను ఇంగ్లీషులో రాసింది ఇది: ట్రెయిల్ మాకెంతో ఇష్టం, రోడ్డు దాటడం అప్పుడప్పుడు కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా సర్దుకుంటున్నాం, నగరానికి ధన్యవాదాలు.

"ఉన్నదున్నట్టు రాసినవా బిడ్డా?" అంది పెద్దమ్మ.

"రాశాను పెద్దమ్మా."

ఆవిడ నా ముఖంలోకి చూసి, నమ్మి, కలం తీసుకుని గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఆ అమ్మాయి కార్డు చదివి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంత మంచి మాట అంది.

నా ఉద్యోగం తప్పులు పట్టడం. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎక్కడ ఏ బటన్ పనిచేయకపోయినా, ఏం చేస్తే ఏమైందో వరసగా రాసి, తీవ్రత ఎంతో పెట్టి పంపడమే నా పని. "కొంచెం కష్టంగా ఉంది, అయినా సర్దుకుంటున్నాం" అని ఆఫీసులో రాస్తే నన్ను మర్నాడే ఇంటికి పంపేవాళ్ళు. కంపెనీ సరుకులో వెంట్రుకవాసి లోపం కూడా వదలనిదాన్ని, మనిషి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి మర్యాద గుర్తొచ్చింది. ఇది నేను నన్ను తిట్టుకోవడానికి రాయడం లేదు, తిట్టుకోవడం అయిపోయింది. అలా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత పెద్దమ్మ నన్ను వదల్లేదు. మెయిల్ బాక్స్ దగ్గర కనిపిస్తే, "మన అర్జీ ఏమాయె?" అనేది. టైం పడుతుంది పెద్దమ్మా అనేదాన్ని. "ఇంకోపాలి పోదామా? అడగంది అమ్మైనా పెట్టది." వెళ్దాం అనేదాన్ని. ఎండాకాలంలో రిపోర్టు వచ్చింది. పార్కులో ఊయలలు మారుస్తామన్నారు, కుక్కలకు విడిగా ఆవరణ కడతామన్నారు. మా సిగ్నల్ మాట ఎక్కడా లేదు. ఆ సంగతి నేను పెద్దమ్మకు చెప్పలేదు. చెబితే కార్డులో ఏముందని అడుగుతుంది.

నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పుతారు. ముందురోజు దాకా వెలుతురుండే ఆరు గంటలకు ఒక్కసారిగా చీకటైపోతుంది. ఆ వారంలోనే, పార్కు నుంచి తిరిగొస్తూ రోడ్డు సగం దాటాక, కుడివైపు తిరుగుతున్న కారు పెద్దమ్మను కొట్టింది. తోటి ముగ్గురూ రెండడుగులు ముందున్నారు. మూడో రోజు ఆస్పత్రిలో పోయింది. కారు నడిపినవాడు తాగలేదు, ఫోన్ చూడటం లేదు. కనపడలేదు అన్నాడట, అంతే.

నేను ఆ రోడ్డు మానేశాను. ఆఫీసుకి చుట్టూ తిరిగి వెళ్తాను. అయినా లాభం లేదు, ఈ దేశంలో ప్రతి కూడలికీ ఒక ఎర్రచెయ్యి ఉంది. ఎక్కడ అంకెలు తగ్గుతున్నా బూట్ల మీద చీరంచు తగిలే చప్పుడు వినిపిస్తుంది. తల తిప్పితే ఎవరూ ఉండరు. ఆఫీసులో లోపం రాసి పంపేముందు బటన్ మీద వేలు ఆగిపోతుంది, చెవి దగ్గర ఆవిడ ప్రశ్న. మెయిల్ బాక్స్ దగ్గరికి వెళ్ళడం మా ఆయనకు అప్పజెప్పాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పెద్దమ్మ దయ్యం కాలేదు, బతికున్నప్పటిలాగే మర్యాదగా, ఓపిగ్గా, జవాబు కోసం నిలబడి ఉంది. దానికంటే దయ్యమే నయం.

కర్మకాండలైన కొన్ని వారాలకు, జనవరిలో, ఆవిడ కూతురు మా ఇంటికొచ్చింది. చేతిలో ప్రింటు తీసిన కాగితం. చూడగానే అదేమిటో తెలిసింది.

"అక్కా, ఇది అమ్మ సంతకం. కానీ అమ్మ సర్దుకుంటున్నాం అనే మనిషి కాదక్కా. సర్దుకునేదుంటే ఊర్ల రెండుసార్లు ఎట్ల గెలుస్తది?" అంది.

కాఫీ పెడతానని లేవబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మీ అమ్మ ఏదో అంది, నేను రాశాను, ఎవరికి గుర్తుంటుంది అనవచ్చు. ఆ అబద్ధం నా నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను. జరిగింది చెప్పాను, సిటీ అమ్మాయి నవ్వూ, మైసూరుపాక్ డబ్బా, అన్నీ. ఆమె చివరిదాకా వింది. ఏడవలేదు.

"అమ్మ ఏమన్నదో నీకు యాదున్నదా?"

"అక్షరం పోకుండా."

చెప్పబోతే ఆపింది. "ఇప్పుడొద్దు. వచ్చే వారం కౌన్సిల్ మీటింగ్‌ల ఆ క్రాసింగ్ గురించి పబ్లిక్ కామెంట్ పెట్టిన్రు. నువ్వు సైన్ అప్ చెయ్యి. అది అమ్మ మాట కాదని చెప్పి, అమ్మ ఏమన్నదో అందరి ముంగట చెప్పు. నేను అక్కడ్నే వింట. అమ్మ సిటీకి చెప్పాలనుకున్న మాట సిటీకే పోవాలె, నాకు కాదు."

సరే అన్నాను. మాటిచ్చాను.

కౌన్సిల్ హాల్లో ఎత్తైన బల్ల వెనక ఏడుగురు కూర్చుంటారు. మాట్లాడేవాళ్ళకు మూడు నిమిషాలు. పేరూ, ఇంటి అడ్రసూ చెప్పి మొదలుపెట్టాలి. మూడో వరసలో పెద్దమ్మ కూతురు, పక్కన మనవరాలు. నేను చీటీ మీద రాసుకొచ్చింది చదివాను. ఎన్ని లేన్లు, ఎన్ని సెకన్లు, ముసలివాళ్ళ నడక ఎంత, ఎర్రలైటున్నా తిరగనిచ్చే కుడి మలుపు ఎందుకు ప్రమాదం. బాగా చదివాను, నలుగురూ తలలూపారు. కార్డు సంగతి చీటీలో చివరి పేరాగా రాసుకున్నాను. దాని ముందు ఊపిరి తీసుకోవడానికి ఆగాను. ఆగిన చోటే థాంక్యూ అని వచ్చి కూర్చున్నాను. ఇంకా టైం మిగిలే ఉంది.

అంతటితో పోలేదు. ఒక సభ్యుడు మైకు దగ్గరికి వంగి, పోయిన ఏడాది ఓపెన్ హౌస్‌లో ఈ క్రాసింగ్ గురించి ఎవరైనా చెప్పారా అని అడిగాడు. సిటీ ఆఫీసు అమ్మాయి లేచి, కంప్యూటర్‌లో వెతికింది. ఒకే ఒక్క కార్డు ఉందంటూ చదివింది. ట్రెయిల్ మాకెంతో ఇష్టం. అప్పుడప్పుడు కొంచెం కష్టం. అయినా సర్దుకుంటున్నాం. నగరానికి ధన్యవాదాలు. నా వాక్యాలు హాల్లో మైకులో వినపడ్డాయి. అంటే అది ఫిర్యాదు కాదన్నమాట, అన్నాడాయన. తప్పుపట్టినట్టు అనలేదు, అర్థం చేసుకోవడానికే అన్నాడు. పెద్దమ్మ కూతురు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను లేచి నిలబడి ఒక్క మాట అంటే చాలు. ఎదురుగా గోడకున్న జెండాను చూస్తూ కూర్చున్నాను. నా కార్డు వల్ల ఒక మనిషి పోయిందని పేరూ అడ్రసుతో సహా రికార్డులో ఉండిపోతుందని భయపడ్డాను. అది నిజం, ఇంకే కారణమూ లేదు.

పార్కింగ్ లాట్‌లో పెద్దమ్మ కూతురు నా దగ్గరికొచ్చింది.

"బాగా మాట్లాడిన్రు," అంది.

ఆ రోజు నుంచి నేను ఆమెకు మీరు అయ్యాను. అక్కా అన్న పిలుపు మళ్ళీ వినలేదు. తిట్టినా బాగుండేది. ఎదురుపడితే నవ్వుతుంది, ఎలా ఉన్నారంటుంది, పక్కింటి తెల్లామెను అడిగినట్టే అడుగుతుంది.

ఆ మీటింగ్ జరిగిన మరుసటి ఏడాది వసంతానికి సిటీ ఆ సిగ్నల్ మార్చింది. సెకన్లు పెంచారు, రోడ్డు మధ్యలో ఆగడానికి గట్టు కట్టారు, ఎర్రలైటుకి కుడివైపు తిరగకూడదని బోర్డు పెట్టారు. ఒక శనివారం పొద్దున అక్కడే గుడారం వేసి జనాన్ని పిలిచారు. కొత్త క్రాసింగ్ ఎలా ఉందో కార్డులు రాసివ్వమన్నారు. మా పెద్దవాళ్ళకు రాసిపెట్టమని ఈసారీ నాకే మెయిల్ వచ్చింది. నా వల్ల కాదని జవాబిచ్చాను. కారణం రాయలేదు.

వెళ్ళకూడదనుకున్నాను. కానీ ఏడాదిన్నరగా తప్పించుకున్న రోడ్డు వైపు కాళ్ళు వాటంతటవే నడిచాయి. గుడారం కింద బల్ల దగ్గర పెద్దమ్మ కూతురు కూర్చుని రాస్తోంది. ఎదుట ఐదారుగురు పెద్దవాళ్ళు వరసలో ఉన్నారు. ఒక్కొక్కరూ చెప్పింది తెలుగులో వింటోంది, ఇంగ్లీషులో రాస్తోంది, రాసింది మళ్ళీ తెలుగులో చెప్పి, ఇదేనా అని అడుగుతోంది. "అంతా బాగుందని రాయమ్మా," అంటే వదలడం లేదు. "నిజంగ బాగుందా అంకుల్, మీరు దాటి చూసిన్రా?" అంటోంది. డాక్టరు అంకుల్ వెళ్ళి దాటి వచ్చి, గట్టు మీద నీడ లేదమ్మా అని చెప్పాడు. అది రాసింది. నేను వెళ్ళి వరస చివర నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. కొత్త కార్డు ముందుకు లాక్కుని, తల ఎత్తకుండా, "చెప్పండి," అంది.

"పోయినసారి రిపోర్టులో తెలుగు సంతకంతో ఒక కార్డు ఉంది," అన్నాను. "అందులో మాటలు ఆ సంతకం పెట్టినావిడవి కావు. రాసింది నేను. ఆవిడ చెప్పింది వేరు."

కలం కదిలింది. రాసింది నాకు చదివి వినిపించింది. ఇదేనా అంది. ఇదే అన్నాను.

"ఆవిడేం చెప్పింది?"

చెప్పాను. మా యాసలో చెప్పలేకపోయాను. పెద్దమ్మ గొంతులోనే వచ్చింది: "సగం దాక పోంగనే తెల్లబొమ్మ పోయి ఎర్రచెయ్యి వస్తది. మలిగే కార్లు మమ్ముల సూడయి. మేం ముసలోళ్ళం, ఉరకలేం. చలికాలం జల్ది చీకటైతది, అప్పుడు మా నలుగుర్ల ఎవరో ఒకరం పోతం. పోయినంక చేస్తే ఏం లాభం? గిప్పుడే చెయ్యుండ్రి."

మొదటి మూడు వాక్యాలూ ఆగకుండా రాసింది. నాలుగో దాని దగ్గర కలం ఆగింది. వాళ్ళమ్మ మాట ఆమె వినడం అదే మొదటిసారి. కార్డు మీద చూపు అలాగే ఉంచి అడిగింది:

"ప్రమాదం జరగొచ్చు అని రాయాల్నా, చచ్చిపోతం అని రాయాల్నా?"

"చచ్చిపోతం అనే రాయమ్మా," అన్నాను.

ఆమె అదే మాట రాసింది.